నీటికి గీసిన గీత గాలికి ఎందుకు లేదు?

భారత పర్యావరణ న్యాయాన్ని చదివే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ముఖ్యమైన తీర్పులలో ఒకటి శంషాబాద్ మండలంలో పుట్టిన వివాదంపై వెలువడింది. పెద్దషాపూర్ గ్రామంలో ఆముదం నూనె నుంచి రసాయన ఉత్పత్తులు తయారుచేసే కర్మాగారం నెలకొల్పడానికి గత శతాబ్దపు తొంభైల దశకంలో ఒక సంస్థ పూనుకున్నది. ఆ స్థలం హైదరాబాద్‌కు తాగునీరిచ్చే జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నది. కాలుష్య నియంత్రణ మండలి కాదన్నది, ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది, తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా వివరించింది. హాని జరిగిందని ప్రజలు రుజువు చేయనక్కరలేదు, హాని జరగదని రుజువు చేయవలసిన భారం పరిశ్రమ పెట్టదలచినవారిదే అని చెప్పింది. 2000 డిసెంబరు 1న వెలువడిన తుది తీర్పు ప్రభుత్వ మినహాయింపు చెల్లదని కొట్టివేసింది.

దానికి ముందే, 1996 మార్చి 8న, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 111 జారీ చేసి 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ నిషేధించింది. ఆ జీవో తరువాత ఏ దశలు చూసింది, ఎవరి కోసం సడలింది అన్నది వేరే చర్చ. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటే. నగరం తాగే నీటిని కాపాడాలనుకున్నప్పుడు రాజ్యం పటం మీద ఒక గీత గీయగలిగింది, న్యాయస్థానం ఆ గీతకు కాపలా కాయగలిగింది. అదే శంషాబాద్‌లో, అదే గ్రామాలలో, అక్కడ నివసించేవారూ పనిచేసేవారూ పీల్చే గాలి కోసం అటువంటి గీత ఏనాడూ గీయలేదు. నీరు నగరానికి పోతుంది. గాలి మాత్రం అక్కడివారి ఊపిరితిత్తులలోకే పోతుంది. రెండింటి మధ్య ఈ తేడా ఎందుకు వచ్చిందో కులం గురించి మాట్లాడకుండా వివరించడం కష్టం.

ఆ తుది తీర్పు వెలువడి పదేళ్ళు గడవకముందే శంషాబాద్ రూపురేఖలు మారిపోయాయి. మామిడిపల్లి, గొల్లపల్లి పరిసరాలలో సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం, మరుసటి ఏడు మెహదీపట్నం వైపు నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాయి. ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల సామర్థ్యంతో ప్రారంభమైన విమానాశ్రయాన్ని 3.4 కోట్ల సామర్థ్యానికి విస్తరించారు. బెంగళూరు జాతీయ రహదారి మీద లారీలు, రింగ్ రోడ్డు మీద కార్లు, వెంచర్ల కోసం తవ్విన మట్టి, కంకర మిషన్లు, రెడీమిక్స్ ప్లాంట్లు, ఉత్తరాన కాటేదాన్ పారిశ్రామిక వాడ, అక్కడ చీకటి పడ్డాక తగలబడే ప్లాస్టిక్ వ్యర్థాలు. ఇవన్నీ కలిసిన గాలి అది. కాటేదాన్ నేలలో సీసం వంటి భారలోహాలు పేరుకుపోయాయని హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. నేల మీద పేరుకున్నది ఎండాకాలం దుమ్ముగా లేవకుండా ఉండదు.

'హైదరాబాద్ ఢిల్లీ కాదు కదా' అన్నది మన పాలకులకూ మధ్యతరగతికీ అలవాటైన ఊరట. ఢిల్లీ కాదు, నిజమే. అయితే రంగారెడ్డి జిల్లాలోనే నగర శివారున ఉన్న 28 గ్రామాలలో జరిగిన పరిశోధన ఈ ఊరటకు ఆధారం లేకుండా చేసింది. దాని వెనుక ఒక కథ ఉన్నది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ ఈ ప్రాంతపు పల్లెలలో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం అందించి ఫలితాలను పరిశీలించింది. ఆనాడు తల్లి కడుపులో ఉన్నవారు పెరిగి పెద్దవారయ్యాక, వారినీ వారి కుటుంబాలనూ భారతీయ, యూరోపియన్ శాస్త్రవేత్తలు తిరిగి పరీక్షించారు. ఈసారి ప్రశ్న తిండి గురించి కాదు, గాలి గురించి. గాలిలోని అతిసూక్ష్మ ధూళి, అంటే పీఎం 2.5, ఎక్కువగా ఉన్న చోట నివసించేవారిలో మెడలోని ధమని గోడ మందం పెరగడానికీ, స్త్రీలలో రక్తపోటు హెచ్చడానికీ సంబంధం కనిపించింది. 2020 జనవరిలో వెలువడిన పత్రం 3,717 మందిని పరీక్షించి, ధూళి ఎక్కువగా ఉన్న చోట ఎముకల సాంద్రత తక్కువగా ఉన్నదని తేల్చింది. వారి సగటు వయసు ముప్పై అయిదు, ముప్పై ఆరు మధ్య. అంటే ముసలితనపు జబ్బుల లెక్క కాదిది. కూలిపని చేసుకుని బతకవలసిన వయసులో ఉన్నవారి ఎముకల లెక్క.

ఆ గ్రామాలలో పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. 2009లో మన దేశం నిర్ణయించుకున్న ప్రమాణం 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 5. కాబట్టి చట్టం దృష్టిలో ఆ గ్రామాల గాలి మంచి గాలి. అక్కడి మనుషుల ఎముకలూ ధమనులూ ఆ చట్టాన్ని చదవలేదు. నగరం సంగతి కూడా ఇంతే. 2024 జూలైలో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ ప్రచురించిన పది నగరాల అధ్యయనం, హైదరాబాద్‌లో సంభవించే మరణాలలో 5.6 శాతం, ఏటా సుమారు 1,600, ధూళి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజువారీ పరిమితిని మించడం వల్ల జరుగుతున్నవని అంచనా కట్టింది. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి.

ఇక విమానాల సంగతి. విమాన ఇంజన్ల నుంచి వెలువడే ధూళిలో అధికభాగం పీఎం 2.5 కంటే ఎన్నో రెట్లు సన్నని అణుధూళి. బరువుతో కొలిస్తే అది దాదాపు కనబడదు, సంఖ్యతో కొలిస్తేనే తెలుస్తుంది. మన వాయు ప్రమాణాలలో దానికి పరిమితే లేదు. మన లారీ వాడే బీఎస్-6 డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు మించకూడదు. విమాన ఇంధనానికి అంతర్జాతీయ పరిమితి 3,000 పాళ్ళు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం వద్ద 2014లో పరిశోధకులు కొలిచినప్పుడు, గాలి పోయే దిక్కున 16 కిలోమీటర్ల దూరం వరకు ఈ అణుధూళి అసాధారణంగా ఎక్కువగా కనిపించింది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలంలో గాలి పడమటి నుంచి, చలికాలంలో తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. చలికాలపు రాత్రులలో నేలకు దగ్గరగా చల్లగాలి పొర నిలిచిపోయి, పొగను పైకి పోనివ్వదు. ఆ కాలంలో విమానాశ్రయానికి పడమరన ఉన్న శంషాబాద్ పట్టణమూ రహదారి పొడవునా ఉన్న బస్తీలూ గాలి దిగువన ఉంటాయి. లాస్ ఏంజెలెస్‌లో చేసిన పని ఇక్కడ చేయడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. పరికరం పెట్టిన ఒక వాహనం, నాలుగు ఋతువులు, ఒక విశ్వవిద్యాలయం చాలు.

విమానాశ్రయం కర్బన తటస్థమని ధ్రువపత్రం పొందింది, సౌరవిద్యుత్తు వాడుతున్నది. ఇవి కాదనదగ్గ పనులు కావు. అయితే కర్బన తటస్థత వాతావరణ మార్పుకు సంబంధించిన లెక్క. మరొక చోట ఉద్గారాలు తగ్గించి ఇక్కడి లెక్క సరిచేసుకునే వీలు దానిలో ఉన్నది. ఊపిరితిత్తులకు అటువంటి సర్దుబాటు లేదు. మామిడిపల్లిలో పీల్చిన పొగకు ఎక్కడో రాజస్థాన్ గాలిమరతో చెల్లు వేయలేము.

'గాలికి కులం లేదు, అందరూ ఒకే గాలి పీలుస్తారు' అన్న వాదన ఇక్కడే వస్తుంది. ప్రగతిశీల మిత్రులు కూడా దీన్ని నమ్ముతారు. దీనికి సమాధానం కోపెన్‌హాగన్ విమానాశ్రయంలో దొరికింది. అక్కడి ఉద్యోగుల ఒంటికి చిన్న పరికరాలు కట్టి 2014లో ప్రచురించిన అధ్యయనం, విమానాల వద్ద సామాన్లు ఎత్తి దించేవారు, ప్రధానంగా భవనం లోపల పనిచేసేవారి కంటే ఏడు రెట్లు ఎక్కువ అణుధూళికి గురవుతున్నారని తేల్చింది. ఒకే విమానాశ్రయం, ఒకే యజమాన్యం, ఒకే రోజు. ఏడు రెట్ల తేడా. డెన్మార్క్‌లో ఎవరు సామాన్లు మోస్తారన్నది కులం నిర్ణయించదు. మన దేశంలో ఎవరు ఏ పనిలో, ఎన్ని గంటలు, ఎంత కాలం ఉంటారన్నది నిర్ణయించే ప్రధాన శక్తి కులమే. గాలికి కులం లేకపోవచ్చు. గాలిలో నిలబడే చోటుకు ఉన్నది.

పారిశుద్ధ్యం సంగతి చూద్దాం. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికులను కేంద్ర ప్రభుత్వమే నమస్తే పథకం కింద నమోదు చేసింది, ఆ లెక్క 2024లో వెలువడింది. గుర్తించిన 38,000 మందిలో 91.9 శాతం దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారు. అందులో 68.9 శాతం దళితులే. రోడ్లు ఊడ్చేవారి లెక్క ఇందులో లేదు. కానీ హైదరాబాద్‌లో తెల్లవారుజామున చీపురు పట్టుకుని కనిపించే స్త్రీలు ఏ కులాలవారో ఈ నగరంలో ఎవరికి తెలియదు? చలికాలపు వేకువ గాలి ఎంత బరువుగా ఉంటుందో పైన చెప్పుకున్నాం. సరిగ్గా ఆ వేళకే రహదారి అంచున పేరుకున్న దుమ్మును లేపడం వారి ఉద్యోగం. టైరు అరుగుదల, బ్రేకు పొడి, డీజిల్ మసి అన్నీ ఆ దుమ్ములోనే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను 2012లో, బయటి గాలి కాలుష్యాన్ని 2013లో మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి శ్రేణిలో చేర్చింది. కాలుష్యాన్ని తగ్గించే పనిగా ప్రభుత్వం చూపించే రోడ్ల శుభ్రత, శుభ్రం చేసే మనిషికి ఆ కాలుష్యాన్ని పీల్చే పనిగా మారింది.

ఇటుక బట్టీలది మరో దారుణం. రంగారెడ్డి జిల్లా బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి ప్రాంతాల నుంచి ఏటా దళిత, ఆదివాసీ కుటుంబాలు అడ్వాన్సు అప్పుతో వస్తాయి. పసిపిల్లలు కూడా బట్టీ పక్కనే నిద్రపోతారు. పని చోటు, ఇల్లు, వంట పొయ్యి అన్నీ ఒకే పొగలో ఉంటాయి. 500 రూపాయలకు గ్యాస్ సిలిండరు ఇచ్చే రాష్ట్ర పథకం ఇక్కడి ఆహార భద్రత కార్డు ఉన్నవారికి. బలంగీర్ కార్డుకు ఇక్కడ ఆ సిలిండరు రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం నుంచి నేటి వరకు వంట పొగ నుంచి స్త్రీలను తప్పించడానికి జరిగిన ప్రయత్నం చిన్నది కాదు. అయితే ఎముకల అధ్యయనంలో పాల్గొన్నవారిలో సగానికి పైగా కట్టెలు, పిడకలు వంటివాటితో వండుకునే ఇళ్ళవారే. ఆ గ్రామాలలోనే మరికొందరి ఒంటికి పరికరం కట్టి రోజంతా కొలిస్తే, వారు పీల్చిన ధూళి సగటు 50 మైక్రోగ్రాములు దాటింది. ఊరి గాలి సగటు వేరు, మనిషి పీల్చిన గాలి వేరు. పొయ్యి ముందు, లారీ వెనుక, మర పక్కన గడిపిన గంటలు ఊరి సగటులో కనిపించవు.

ఇదే బెంగళూరు రహదారి మీద ఇంకొంత దూరం పోతే షాద్‌నగర్. అక్కడికి సమీపంలోని ఎలికట్ట గ్రామం పేరు సిలికోసిస్ వార్తలతోనే బయటి ప్రపంచానికి తెలిసింది. పలుగురాయిని పిండి చేసే మిల్లులలో పనిచేసినవారు ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయారు. సిలికోసిస్‌ను క్షయగా రాసి మందులివ్వడం మన దేశంలో పాత అలవాటు. క్షయ అయితే పేదరికం మీద, తాగుడు మీద, బస్తీ ఇరుకు మీద నింద వేయవచ్చు. సిలికోసిస్ అని రాస్తే చట్టం ప్రకారం వైద్యుడు అధికారికి తెలియజేయాలి, యజమాని జవాబు చెప్పాలి. జబ్బుకు పెట్టే పేరులోనే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. గాలి కాలుష్యానికి వచ్చేసరికి ఆ కాస్త జవాబుదారీ కూడా లేదు. 'దమ్ము' అని చెప్పుకుంటూ వచ్చిన మనిషికి ఇన్‌హేలరు ఇచ్చి పంపుతారు. ఏం పని చేస్తావు, ఎక్కడ నిలబడి చేస్తావు అని అడిగేవారు అరుదు.

దీన్ని కేవలం పేదరికం సమస్యగా చూడకూడదా అని అడగవచ్చు. పేదరికం ఉన్నది. భూములు పోగొట్టుకున్నవారిలో రెడ్లూ ఉన్నారు, యాదవులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. కానీ పేదరికం మనిషి ఎక్కడ నివసించాలో ముందే నిర్ణయించి పెట్టలేదు. ఆ పని కులం చేసింది. నీరు పల్లానికి పారే వైపున, తమ ఇళ్ళ మీదుగా వచ్చే గాలి ఊరి పెద్దల ఇళ్ళకు తగలని వైపున మాలవాడ, మాదిగవాడ ఉండాలన్నది తెలుగు పల్లె నిర్మాణ సూత్రం. అస్పృశ్యులు ఊరి వెలుపల ఎందుకు నివసిస్తారన్న ప్రశ్నను అంబేడ్కర్ 1948లో ఒక గ్రంథానికే విషయం చేశారు. ఆ వెలుపలి స్థలమే తరువాత ప్రభుత్వానికి 'ఖాళీ స్థలం'గా కనిపించింది. ఊరి చివర ఉన్నందువల్లనే రహదారి అటు నుంచి పోయింది, డంపింగ్ యార్డు అటు వచ్చింది, క్రషరుకు అటు అనుమతి దొరికింది. జయజిత్ చక్రవర్తి, ప్రత్యూష బసు 2021లో దేశంలోని జిల్లాలన్నిటినీ పోల్చి, దళిత జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్న జిల్లాలలో పీఎం 2.5 కూడా ఎక్కువగా ఉన్నదని చూపారు. జిల్లా అనేది చాలా పెద్ద తూకపురాయి. ఊరు, వాడ అన్న తూకంలో కొలిస్తే ఏం కనిపిస్తుందో కొలవవలసి ఉన్నది.

భూమి విషయంలో కనీసం పోరాడటానికి ఒక కాగితం ఉండేది. దళితులకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూములను నష్టపరిహారం లేకుండానే తిరిగి తీసుకునే పద్ధతిపై చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి, మేకల పాండు మధ్య నడిచిన కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తీర్పు చెప్పింది. పట్టాదారుతో సమానంగా అసైనీకి కూడా పరిహారం ఇవ్వాలన్నది. అప్పట్లో శంషాబాద్ ఆ డివిజన్‌లోనిదే. ఆ తీర్పు అసైన్డ్ రైతుల చేతికి గొప్ప ఆయుధమైంది. గాలికి మాత్రం సర్వే నంబరు లేదు, పట్టా లేదు. భూమి పోయినవాడు నిర్వాసితుడు. భూమి లేని కూలీ, గాలి పాడైన వాడలో మిగిలిపోయినవాడు, ఏ జాబితాలోనూ లేడు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక నిబంధన ఉన్నది. దళితుల, ఆదివాసీల ఇంటి ఆవరణలో గానీ వాకిట్లో గానీ మలమూత్రాలు, మురుగు, కళేబరాలు, మరే అసహ్య పదార్థమైనా పోయడం నేరం. అవమానించే, బాధించే ఉద్దేశంతో వారి ఇరుగుపొరుగున పోయడం కూడా నేరమే. చెత్తను దళితుల మీదికి నెట్టడం కులహింస అని ఈ దేశపు శాసనం గుర్తించిందన్నమాట. బుట్టెడు చెత్త వాకిట్లో పోస్తే అది అత్యాచారం. చెత్త కాల్చిన పొగ ఏళ్ళ తరబడి అదే వాకిట్లోకి వస్తే అది 'పర్యావరణ సమస్య', దానికి వేరే శాఖ, వేరే ఫారం, వేరే జరిమానా. ప్రతి పొగనూ అట్రాసిటీ కేసు చేయమని నా వాదన కాదు. పొగకు ఉద్దేశాన్ని ఆపాదించడం న్యాయపరంగా నిలవదు. కానీ దళితవాడ పక్కనే దాన్ని పెట్టడానికి అనుమతినిచ్చిన సంతకానికి ఉద్దేశం లేదని ఎంత కాలం అనుకోవాలి?

మనవైపు లోపం కూడా మాట్లాడుకోవాలి. బహుజన ఉద్యమాలు భూమి, చదువు, ఉద్యోగం, ఆత్మగౌరవం చుట్టూ తిరిగాయి. గాలి, నీరు అన్నవి అడవుల్లో పులులను లెక్కపెట్టే పై కులాల విశ్రాంతి వ్యాపకాలన్న అభిప్రాయం మనలో బలంగా ఉండేది. ఆ అభిప్రాయానికి కారణమూ ఉన్నది. ముకుల్ శర్మ 2017లో ప్రచురించిన 'కాస్ట్ అండ్ నేచర్' గ్రంథం, భారత పర్యావరణవాదం కులాన్ని ఎంతగా కనపడకుండా చేసిందో చర్చించింది. అమెరికాలో నల్లజాతివారికీ ఇదే అనుభవం. 1982లో ఉత్తర కరోలినాలోని వారెన్ కౌంటీలో విషవ్యర్థాల పూడ్చివేతకు వ్యతిరేకంగా వారు రోడ్డు మీద పడుకున్నారు. 1987లో ఒక చర్చి సంస్థ వెలువరించిన నివేదిక, విషవ్యర్థాల కేంద్రాలు ఎక్కడ పెట్టారన్నదానికి ఆదాయం కంటే జాతితోనే గట్టి సంబంధం ఉన్నదని దేశమంతటి లెక్కలతో చూపింది. పౌరహక్కుల ఉద్యమం, పర్యావరణ ఉద్యమం వేరు కావని వారికి తెలిసింది అంకెలు చేతికి వచ్చిన తరువాతే. మనకు ఆ అంకెలు లేవు. లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

మరి ఉద్యోగాల మాటేమిటని విద్యార్థి మిత్రులు కొందరు అడుగుతారు. విమానాశ్రయం రాకపోతే శంషాబాద్ పరిసరాల దళిత, లంబాడా, బీసీ యువకులకు సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, కార్గో, డ్రైవరు ఉద్యోగాలు వచ్చేవా? వచ్చేవి కావు. ఊరి దొర పొలంలో పాలేరుతనం కంటే కాంట్రాక్టరు యూనిఫారం మేలని చెప్పే యువకుడితో వాదించే హక్కు నాకు లేదు. అతనికి ఆ యూనిఫారం ఊపిరికి ప్రమాదం లేకుండా రావాలన్నదే ఇక్కడి డిమాండ్. అది అత్యాశ కూడా కాదు. సామాన్ల ట్రాక్టర్లు, నిచ్చెన వాహనాలు డీజిలు మాని విద్యుత్తుతో నడవాలి. నిలిచి ఉన్న విమానం తన ఇంజను నడపకుండా నేల మీది కరెంటు వాడుకోవాలి. రన్‌వే పక్కన పనిచేసేవారికి వంతులవారీ విరామం ఉండాలి, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష జరగాలి. ఇవి ప్రపంచంలోని పెద్ద విమానాశ్రయాలకు తెలిసిన పద్ధతులే. ఇక్కడ అవి ఎంతవరకు అమలవుతున్నాయో ఏటా ప్రజలకు చెప్పాలి. కాంట్రాక్టరు మారినా కార్మికుని ఆరోగ్య రికార్డు మారకూడదు. నేడు మూడేళ్ళ కాంట్రాక్టుతో పాటే కార్మికుని చరిత్ర కూడా చెరిగిపోతున్నది. ఊపిరితిత్తుల జబ్బు బయటపడటానికి పదేళ్ళు పడుతుంది.

ప్రభుత్వం చేయవలసింది కొలవడంతో మొదలవుతుంది. నిరంతరం గాలిని కొలిచే తొలి కేంద్రాలు సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, ఇక్రిశాట్, పాశమైలారం, సెంట్రల్ యూనివర్సిటీలలో వచ్చాయి. తరువాత కోకాపేట, సోమాజిగూడ వంటి చోట్ల కూడా పెట్టారు. ఆ తొలి ఆరింటిలో శంషాబాద్‌కు దగ్గరిదైన జూపార్క్ కూడా పది కిలోమీటర్లకు పైగా దూరం. జూపార్క్ అంకెలు చదివి శంషాబాద్ రహదారి పక్క బస్తీ గాలిని ఊహించడం, ఒకరి నాడి పట్టి మరొకరి జ్వరం చెప్పినట్టే. 216 అడుగుల సమతామూర్తిని ప్రతిష్ఠించుకున్న ముచ్చింతల్ కూడా ఈ మండలంలోదే. సమత్వాన్ని కొలిచే కొన్ని చిన్న యంత్రాలను దాని చుట్టుపక్కల వాడలలో పెట్టుకోవడానికి స్థలం దొరక్కపోదు. దళితవాడలో ఒకటి, తండాలో ఒకటి, బట్టీ దగ్గర ఒకటి, గేటెడ్ విల్లాల మధ్య ఒకటి పెట్టి ఏడాది పాటు అంకెలు పక్కపక్కన ప్రచురించాలి.

2024-25 సమగ్ర కులసర్వే రాష్ట్రంలో దళితులు 17.43 శాతం, ఆదివాసీలు 10.45 శాతం అని చెప్పింది. ఆ సర్వే విలువ రిజర్వేషన్ల శాతంతోనే అయిపోకూడదు. ఏ బస్తీలో ఎవరున్నారో ప్రభుత్వం దగ్గర ఉన్నది. ఏ బస్తీలో గాలి ఎలా ఉన్నదో కొలిస్తే తెలుస్తుంది. వ్యక్తుల గోప్యతకు భంగం కలగకుండా ఈ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం ఏ గణాంక విద్యార్థికైనా చేతనైన పని. కాలుష్యం లేని గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే, సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. 2024లో రంజిత్‌సిన్హ్ కేసులో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణను 21వ అధికరణంతో పాటు సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణంతోనూ ముడిపెట్టింది. అందరికీ సమానంగా చెడిన గాలి 21వ అధికరణం సమస్య. కొందరికి ఏడు రెట్లు చెడిన గాలి 14వ అధికరణం సమస్య కూడా. ఆ పిటిషను వేయడానికి పటం కావాలి.

విస్తరణ ప్రాజెక్టుల బహిరంగ విచారణలలో పెట్టే పర్యావరణ ప్రభావ నివేదికలు సాధారణంగా ఒక్క ఋతువు గాలి కొలతలతో సరిపెడతాయి. చుట్టుపక్కల ఎవరు నివసిస్తున్నారో ఒక పట్టికలో చెప్పి, గాలి ఎలా ఉన్నదో మరొక పట్టికలో చెబుతాయి. రెండూ కలిసేది అరుదు. విచారణకు వెళ్ళే విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు చలికాలపు కొలతలు అడగాలి, అణుధూళి లెక్క అడగాలి. జవాబు లేకపోతే పెద్దషాపూర్ తీర్పును చదివి వినిపించాలి. రుజువు భారం అడిగేవారిది కాదు.

వీటన్నిటికంటే ముందు, రేపటి నుంచే చేయగలిగిన పని ఒకటి ఉన్నది. దానికి జీవో కూడా అక్కరలేదు, జిల్లా వైద్యాధికారి ఉత్తర్వు చాలు. శంషాబాద్ పరిసరాల పల్లె దవాఖానాలలో, బస్తీ దవాఖానాలలో దగ్గుతో, ఆయాసంతో, రక్తపోటుతో వచ్చేవారి ఓపీ చీటీ మీద పేరు, వయసు రాసే చోట మరి మూడు గడులు చేర్చాలి: ఏం పని, ఎన్నేళ్ళుగా, ఇల్లు ఏ వాడలో.